సండూరునకు హైదరాబాదు ఎంత దూరము?

ఇటీవల మన సరిహద్దు ప్రాంతపు తెలుగువారి సభలలో ఒక మాట తరచుగా వినవచ్చుచున్నది. సండూరు తాలూకాలోని తోరణగల్లు వద్ద విమానాశ్రయ మున్నది గనుక, హైదరాబాదు మనకు ముప్పావు గంట దూరమే యైనదని వక్తలు సెలవిచ్చుచున్నారు. సభ్యులు చప్పట్లు కొట్టుచున్నారు. అతిథులకు వ్రాయు ఆహ్వానములలో సైతము ఈ ముప్పావు గంట చోటు చేసికొన్నది. ఈ మాటను మేము అంగీకరింపము. దీనిని నమ్మి మనము అడుగవలసినవి అడుగుట మానివేయుచున్నామని మా ఆరోపణ.

ముందుగా ఆ అంకె ఎట్లు పుట్టినదో చూతము. భూగోళపు బొమ్మ నొకదానిని ముందుంచుకొని, తోరణగల్లు మీద ఒక కొసయు, హైదరాబాదునకు దక్షిణమున నున్న శంషాబాదు మీద రెండవ కొసయు ఉంచి, దారమును బిగువుగా లాగినచో ఆ దారపు పొడవు సుమారు 298 కిలోమీటర్లకు సమానమగును. అదే విధముగా బెంగుళూరు విమానాశ్రయము వరకు లాగినచో సుమారు 248 కిలోమీటర్లు. విమానదూరముల పట్టికలలో అచ్చగునది ఈ దారపు కొలతయే. ఆ దారము తుంగభద్ర కాలువలను ఎరుగదు. ఆదవాని బజారును ఎరుగదు. రెండు రాష్ట్రముల తనిఖీ కేంద్రములను ఎరుగదు. ఈ చిన్న మార్గములలో తిరుగుటకు అనువైనది, రెక్కలకు పంకాలు గల ఏటీఆర్-72 వంటి విమానము. డెబ్బది మందికి అటునిటుగా పట్టును. గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగముతో పోవును. 298ని 500తో భాగించినచో 36 నిమిషములు వచ్చును. ఎగయుటకును దిగుటకును కొన్ని నిమిషములు చేర్చి, మన వక్తలు ముప్పావు గంట యనిరి. భాగహారములో తప్పు లేదు.

కాని విమానము నడపువారే ఈ భాగహారమును నమ్మరు. వారి కాలపట్టికలలో ఇటువంటి మార్గమునకు గంటకు పైగా వేసికొందురు. కారణము సులభము. వారు కాలమును లెక్కించునది నేలను విడిచినప్పటి నుండి కాదు, చక్రములకు అడ్డముగా నుంచిన దిమ్మెలు తీసినప్పటి నుండి. గమ్యమున మరల దిమ్మెలు పెట్టు వరకు. ఆ నడుమ విమానము నేలపై బండివలె మెల్లగా నడువవలెను. తన వంతు కొరకు వరుసలో నిలువవలెను. గాలి ఎదురుగా వీచు దిక్కు చూచుకొని, అవసరమైనచో చుట్టు తిరిగి దిగవలెను. శంషాబాదు వంటి రద్దీ చోట పెద్ద విమానముల నడుమ సందు దొరకువరకు ఆకాశమున వేచియుండవలెను. వ్యాపారస్థుడు తన సరకును తూచునప్పుడు ఇంత జాగ్రత్త చూపుచుండగా, ఆ సరకును కొనువారి పక్షమున మాటలాడవలసిన మనము మాత్రము దారము పొడవునే పట్టుకొని వ్రేలాడుచున్నాము.

ఇక ప్రయాణికుని సంగతి. సండూరు పట్టణమున ఒక గృహస్థుడు ఉదయమున తాళము వేసి బయలుదేరినాడనుకొందము. తోరణగల్లునకు పోవు దారి కొండల నడుమ దారి. ఇనుప ఖనిజము మోయు లారీల దారి. ఎఱ్ఱదుమ్ములో లారీ వెనుక లారీ నిలిచినచో ఎంతటి కారునకైనను కాలు సాగదు. ఒక గంట పట్టుననుకొనుట న్యాయము. విమానము బయలుదేరుటకు గంట ముందుగానైనను అక్కడ నుండవలెను. విమానములో దిమ్మె నుండి దిమ్మె వరకు గంట పది నిమిషములు. శంషాబాదులో దిగి, పెట్టె కొరకు తిరుగుడుపట్టీ వద్ద నిలిచి, వెలుపలికి వచ్చుటకు అరగంట. బేగంపేట విమానాశ్రయము నడిచిన కాలమున దిగినవాడు నగరము మధ్యనే దిగెడువాడు. 2008 మార్చి నుండి శంషాబాదులో దిగుచున్నాడు. అక్కడి నుండి సికిందరాబాదునకో ఉప్పలునకో చేరుటకు గంట ఇరువది నిమిషములు వేయుదము. రోడ్డు రవాణా సంస్థవారు విమానాశ్రయమునకు నడుపు బస్సులకు 'పుష్పక్' అని పేరిడిరి. విమానము దిగినవాడు పుష్పకమెక్కి ట్రాఫిక్కులో నిలుచుట ఈ కాలపు వింతలలో నొకటి. మొత్తము ఐదు గంటలైనది. మన సభలలో మ్రోగు ముప్పావు గంట ఇందులో ఏడవ వంతునకు కొంచెము పైన.

ఇందుండి తేలు విషయ మొకటి కలదు. రేపు ఎవరో ఒక మహానుభావుడు ఈ విమానపు వేగమును రెట్టింపు చేసినాడనుకొన్నను, ఆకాశమున మనకు మిగులునది 18 నిమిషములు మాత్రమే. విమానము వచ్చు వేళకు సండూరు బస్టాండు నుండి ఒక బస్సును నడిపినచో, లేదా ఉదయమొకటి సాయంత్రమొకటి యని విమానమును రెండుమారులు నడిపినచో మిగులు కాలము ఇంతకంటె ఎన్నో రెట్లు. రాత్రి పదింటికి హైదరాబాదు నుండి ఒక దుర్వార్త వచ్చినదనుకొనుడు. తెల్లవారి మధ్యాహ్నము బయలుదేరు విమానము ముప్పావు గంటలో ఎగిరిన నేమి, అరగంటలో ఎగిరిన నేమి? ఆ యింటివారు బళ్ళారికి పోయి రాత్రి బస్సును పట్టుకొందురు. తెల్లవారుసరికి శవము చెంత నుందురు. ఆ రాత్రి వారికి హైదరాబాదు ఎంత దూరమనునది ఆ బస్సు ఉన్నదా లేదా యను దానిని బట్టి యుండును. ఈ కొలత ఏ పట్టికలోను అచ్చు కాదు.

ఈ సత్యము బళ్ళారి ప్రాంతమునకు క్రొత్త కాదు. భారతదేశపు పౌరవిమాన చరిత్రలో బళ్ళారి పేరు మొదటి పుటలోనే యున్నది. మనవారిలో ఎందరికి తెలియునో గాని. 1932 అక్టోబరు 15న టాటావారి తొలి తపాలా విమానము కరాచీలో బయలుదేరినది. జె.ఆర్.డి. టాటా స్వయముగా దానిని అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి నడిపెను. అక్కడ సంచులు అందుకొని నెవిల్ విన్సెంట్ అను వైమానికుడు మరియొక చిన్న విమానమున దక్షిణమునకు వచ్చి, ఆ రాత్రి బళ్ళారిలో విశ్రమించి, మరునాడు మదరాసు చేరెను. పుస్ మాత్ అను ఆ ఒంటి యంత్రపు విమానము గంటకు 160 కిలోమీటర్లకు అటునిటుగా పోగలదు. బొంబాయి నుండి బళ్ళారికి గగనమార్గమున సుమారు 610, అక్కడి నుండి మదరాసునకు సుమారు 430. వెరసి 1,040 కిలోమీటర్లు. మన వక్తల భాగహారము ప్రకారము ఆరున్నర గంటలు. పట్టినది రెండు దినములు. చీకటిలో ఎగురుటకు సాధ్యము గాని కాలమది. బళ్ళారి రాత్రియంతయు ఆ ప్రయాణకాలములో భాగమే. నాటి తపాలావారు ప్రజలకు ఆరున్నర గంటలని చెప్పినచో, మదరాసులో ఉత్తరము కొరకు వేచిన వర్తకుడు వారిని నిలదీసియుండెడివాడు. తొంబది యేండ్ల తరువాత మనము నిలదీయుటయే మరచితిమి.

ఆ నాటికి సండూరు బళ్ళారి జిల్లా నడుమ ఘోర్పడే వంశీయుల చిన్న సంస్థానము. 1949లో అది మదరాసు రాష్ట్రమున విలీనమైనది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు వచ్చినవి. బళ్ళారి, సండూరు మైసూరునకు పోయినవి. నాలుగైదేండ్లలో సండూరు ప్రజలకు రాజధాని తమ యూరి దర్బారు నుండి మదరాసునకు, మదరాసు నుండి బెంగుళూరునకు మారినది. ఊరు మాత్రము కుమారస్వామి కొండ ప్రక్కనే కదలక కూర్చున్నది. కన్నడ సోదరులతో మాకు తగవు లేదు. సండూరు వారి నేలయే, వారి మధ్య మన కుటుంబములు తరతరములుగా సుఖముగా నున్నవి. మేము చెప్పునది రాకపోకల సంగతి. సరిహద్దు గీత పడిన నాటి నుండి ఆలూరు పెండ్లియు, ఆదవాని ప్రత్తి బేరమును, గుంతకల్లు రైలుకూడలియు పరరాష్ట్ర వ్యవహారములైనవి. మ్యాపులో దూరము ఒక్క అంగుళమైనను పెరుగలేదు. బస్సు ఎక్కినవానికి పెరిగినది.

ఎట్లు పెరిగినదో చెప్పెదము. విమానమునకు రెండు రాష్ట్రముల నడుమ ఒడంబడిక అక్కరలేదు, బస్సునకు కావలెను. 1988 మోటారు వాహనముల చట్టము ననుసరించి, ఒక రాష్ట్రపు బస్సు మరియొక రాష్ట్రమున తిరుగవలెనన్నచో ఉభయ ప్రభుత్వములును కూర్చుండి, ఏ మార్గమున ఎన్ని బస్సులు, ఎన్ని కిలోమీటర్లు అని పరస్పరము ఒప్పందము వ్రాసికొనవలెను. నీవు నా నేలపై ఇంత తిరిగినచో నేను నీ నేలపై ఇంత తిరుగుదునని తూచుకొనుట దీని సారము. ఈ తూనికలో పెద్ద నగరముల నడుమ మార్గములకు బలమెక్కువ. సండూరు వంటి తాలూకా పట్టణము తనంత తాను ఆ పట్టికలో చేరదు; ఎవరైనను వెంటబడి చేర్పింపవలెను. 2014లో తెలంగాణము వేరుపడిన తరువాత ఈ లెక్కలో మూడు రాష్ట్రములు కలిసినవి. బళ్ళారి నుండి హైదరాబాదు పోవు బస్సు కర్ణాటకమున పుట్టి, ఆంధ్రమును దాటి, తెలంగాణమున ఆగును. మన సంఘములు ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక ప్రభుత్వములకు ఇచ్చుచున్న విజ్ఞాపనములలో భవనములకు స్థలములు, పాఠశాలలకు ఉపాధ్యాయులు, విగ్రహములకు అనుమతులు కనబడుచుండును. ఇవి అడుగరాదని మేమనము. ఈ బస్సుల ఒప్పందమును గూర్చిన పంక్తి ఎన్నిటిలో నున్నదో పాఠకులే వెదకి చూతురు గాక.

రైలు మాట వచ్చినప్పుడును ఇంతే. తోరణగల్లు గుంతకల్లు–హుబ్బళ్ళి మార్గముపై నున్నది. అమరావతి ఎక్స్‌ప్రెస్సు దాని మీదుగా కృష్ణా తీరమునకు పోవును. తోరణగల్లు నుండి సండూరు కొండల వైపు రంజిత్‌పుర వరకు పట్టాలు చీలినవి. ఆ పట్టాలు గనుల కొరకు వేసినవి. ఇనుప రాయి ప్రయాణమునకు ఇంత ఏర్పాటు జరిగినది గాని, ఆ రాతిని తవ్వువారి ప్రయాణమును గూర్చి అంతటి శ్రద్ధ చూపినవారు లేరు.

ఇప్పుడు ప్రభుత్వపు విమాన పథకమును చూతము. ముప్పావు గంట భ్రమకు మూలము అక్కడనే యున్నది. 'ఉడాన్' అను పేర ప్రాంతీయ విమాన పథకము 2016లో ప్రకటింపబడినది. 2017 ఏప్రిల్ 27న తొలి సర్వీసులలో ఒకటిగా కడప–హైదరాబాదు విమానము బయలుదేరినది. ఆ యేటనే తోరణగల్లు నుండి హైదరాబాదు, బెంగుళూరులకు ట్రూజెట్ సంస్థ విమానములు నడిచినవి. గంట ప్రయాణమునకు, అనగా సుమారు 500 కిలోమీటర్లకు, రూ. 2,500 మించరాదని పథకపు ప్రచారము. గంటకు 500 కిలోమీటర్లు! సర్కారు కూడ దిమ్మెలు తీసినది మొదలు లెక్క వేయలేదు. గాలిలోని వేగమునే గడియారముగా చేసి ప్రజలకు చూపినది. ఆ హద్దు సుమారు సగము సీట్లకే వర్తించును. తక్కినవి అంగడి ధరకు పోవును. దూరమును బట్టియే ధర హద్దు, దూరమును బట్టియే సర్కారు పూడ్చు నష్టము. మొదటి నియమముల ప్రకారము మామూలు ప్రాంతములలో 200 నుండి 800 కిలోమీటర్ల లోపు మార్గములకే ఈ సహాయము. మన 298యు 248యు అందులో చక్కగా ఇమిడినవి. కర్నూలు చెంత ఓర్వకల్లులో 2021 మార్చిలో విమానాశ్రయము తెరవబడినది; తోరణగల్లు నుండి దానికి దారము లాగినచో సుమారు 174. ఆ నియమమునకు అది చాలనంత దగ్గర! తరువాతి విడతలలో హద్దులు మారినవి గాని, దూరమును చూచి అవసరమును నిర్ణయించు బుద్ధి ఎట్టిదో ఈ ఒక్క ఉదాహరణము చాలును. కర్నూలునకు విమానము కావలెనని మేము కోరుట లేదు. సండూరు మనిషికి కర్నూలుతో పనులుండునా, ఉన్నచో ఏ వేళకు పోవలెను, ఎంత ఇచ్చుకొనగలడు అను ప్రశ్నలు ఆ పథకము అడుగలేదనుటయే మా తాత్పర్యము.

నష్టపూరణమునకు మూడేండ్ల గడువు పెట్టిరి. ఆ లోపల మార్గము తన కాళ్ళపై తాను నిలువవలెనని ఆశయము. మధ్యలో 2020 మార్చిలో మహమ్మారి వలన దేశములోని విమానములన్నియు రెండు నెలలు నేలకు దిగినవి. ఈ మార్గమున మొదట నడచిన ట్రూజెట్ 2022లో తన సర్వీసులనే ఆపివేసినది. ఆ తరువాత ఇతర సంస్థల విమానములు కూడ తోరణగల్లున దిగినవి. ఎవరినైనను దూషించుట మా ఉద్దేశము కాదు. చిన్న విమానములతో చిన్న ఊళ్ళకు నడుపు వ్యాపారము ఎంత కష్టమో లోకమంతటను తెలిసినదే. కాని ఒక సంస్థ ఆగి మరియొక సంస్థ వచ్చు నడుమ ప్రయాణకాల మెంత? పట్టికలో అప్పుడును 298 కిలోమీటర్లే, ముప్పావు గంటయే. విమానము లేని దినమున కూడ విమానదూరము మాత్రము చెక్కు చెదరదు!

ఇంకొక చిత్రము. టిక్కెట్టుపై తోరణగల్లు పేరు గాని, సండూరు పేరు గాని కానరాదు. ఉక్కు కర్మాగారము వారి కాలనీ పేరిట 'విద్యానగర్' అని యుండును. హైదరాబాదులో విద్యానగర్ అన్నచో ఉస్మానియా విశ్వవిద్యాలయము ప్రక్కనున్న పేట గుర్తునకు వచ్చును. విద్యానగర్ నుండి విద్యానగర్‌నకు ప్రయాణము చేసితినని చెప్పుకొనదగిన భాగ్యము మన సండూరు వారిదే. ఆ విమానాశ్రయము కర్మాగారము వారు తమ యవసరమునకై కట్టుకొన్నది. వారి అధికారులకును అతిథులకును అది గుమ్మము ముందే యున్నది. వారి విషయమున ముప్పావు గంట మాట చాలవరకు నిజమే. ఆ నిజము మన యింటి గడప వరకు వచ్చినదని మనము భ్రమించుటయే ఇక్కడి చిక్కు.

విమానమును వద్దనుచున్నారా యని మమ్మడుగువా రుందురు. అభివృద్ధికి అడ్డము పడు పాతకాలపు మనుష్యులని కూడ అనవచ్చును. విమానము కావలెను. గుండెజబ్బు రోగి బళ్ళారి వైద్య కళాశాల ఆసుపత్రి నుండి హైదరాబాదునకు పోవలసి వచ్చినప్పుడు ఐదు గంటలును, బస్సులో ఒక రాత్రియు సమానము కావు. పరదేశమున నున్న మన బిడ్డలను చూడుడు. దుబాయి నుండి సుమారు 2,500 కిలోమీటర్లు నాలుగు గంటలలో దాటి తెల్లవారుజామున శంషాబాదులో దిగుదురు. తక్కిన 300 కిలోమీటర్ల కొరకు పగలంతయు కార్లలో కూర్చుందురు. వేళకు కలియు విమాన మొకటి యున్నచో వారికెంత మేలు! కలియుట అనునదే మేము కోరునది. పై విమానము దిగిన మూడు గంటలలో క్రింది విమానము బయలుదేరుటయు, దాని వేళకు సండూరునకు బస్సు నిలిచియుండుటయు, ఇవి ఆరు నెలలకొక మారు మారకుండుటయు. ఇందులో ఏదియు ఆకాశ వేగమునకు సంబంధించినది కాదు.

విమానమున్నదను మాట మరియొక కీడును చేయుచున్నది. ఒక ఊరు విమానపటములో నెక్కిన తరువాత దానికి రాకపోకల కొరత యున్నదని చెప్పుట కష్టమగును. రాత్రి బస్సు అడుగబోయినవానికి, మీకు విమానాశ్రయమే యున్నది గదా యను జవాబు సిద్ధముగా నుండును. ఆ జవాబును అధికారుల చేతికి అందించుచున్నది మన సభలే, మన సంచికలే. సంవత్సరమున కొకసారి విమానమెక్కు అతిథి కొరకు వ్రాసిన వాక్యము, నెలకు రెండుసార్లు బస్సెక్కు వృద్ధురాలి నోరు కట్టివేయుచున్నది.

కావున సంఘముల పెద్దలకు మా విన్నపము. ఆహ్వానములలో ముప్పావు గంట తీసివేసి, సండూరు బస్టాండు నుండి సికిందరాబాదు స్టేషను వరకు పట్టు కాలమును, విమానములో నొకటి, బస్సులో నొకటి, రైలులో నొకటి, ఖర్చులతో సహా అచ్చు వేయుడు. విమానము వారమునకు ఎన్ని దినములు నడచుచున్నదో ప్రక్కనే వ్రాయుడు. కల్యాణ కర్ణాటక రోడ్డు రవాణా సంస్థ బళ్ళారి కార్యాలయమునకు ఆ కాగితమును తీసికొని పోయి, విమాన వేళలకు తోరణగల్లు బస్సును, రాత్రివేళ సండూరు నుండి నేరుగా కర్నూలు మీదుగా హైదరాబాదు బస్సును అడుగుడు. అంతర్రాష్ట్ర ఒప్పందములో ఆ మార్గము లేదను జవాబు వచ్చినచో, అదే కాగితముతో అమరావతికిని హైదరాబాదునకును పోయి, మరుసటి ఒప్పందములో సండూరు పేరు చేర్పింపుడు. అమరావతికి పోవుటకు రైలున్నది. తోరణగల్లు దారిలో ఎక్కవచ్చును.